‘ప్రకృతే నా గురువు’ అంటే అక్కడితో వదిలేయకండి

ఈ నెల మన ఊళ్ల చిత్రకారుల గురించి, వాళ్ల బొమ్మలకి ప్రేరణ ఎక్కడి నుంచి వస్తుందన్న దాని గురించి అడగమన్నాం. ప్రశ్నలు బాగానే వచ్చాయి, రెండు మూడు తిట్లు కూడా వచ్చాయి. పేరు వేయొద్దని కొందరు రాశారు కాబట్టి అందరి పేర్లూ తీసేసి ఊళ్లు మాత్రం ఉంచాం.

ప్ర: కాలేజీ ప్రాజెక్టు కోసం మా జిల్లాలో కొంతమంది ఆర్టిస్టులతో మాట్లాడాను. మీకు స్ఫూర్తి ఏంటి అంటే అందరిదీ ఒకటే జవాబు: ప్రకృతి, పల్లె జీవితం. దీంతో ఏం రాయాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
జర్నలిజం విద్యార్థిని, వరంగల్

జ: తప్పు వాళ్లది కాదమ్మా, నీ ప్రశ్నది. స్ఫూర్తి ఏంటని మైకు ముందు పెట్టి అడిగితే ఎవరైనా సన్మాన సభలో మాట్లాడినట్టే మాట్లాడతారు. వేరేగా అడిగి చూడు. పదేళ్లప్పుడు మీ ఇంటి గోడ మీద ఏ క్యాలెండర్ బొమ్మ ఉండేది? మీ బొమ్మని మొదట డబ్బులిచ్చి కొన్నది ఎవరు, ఎందుకు కొన్నారు? రంగులు ఎక్కడ తెచ్చుకుంటారు, దొరక్కపోతే ఏం చేస్తారు? ఊరు వదిలి ఎక్కడికెళ్లి నేర్చుకున్నారు, తిరిగొచ్చాక ఊరు ఎలా కనిపించింది? ఇవి అడిగితే నీ నోట్సు చాలదు.

నా మటుకు నాకు తెలిసింది ఇది. చిత్రకారుడికి బొమ్మ ఎక్కువగా మూడు వైపుల నుంచి వస్తుంది: అది కళ అని తెలియని వయసులో కంట్లో పడినవి, చేతి కింద ఉన్న సరుకు, ఆ బొమ్మ కావాలని అడిగినవాళ్లు. ప్రకృతి లేదని కాదు. కానీ ఊరి చెరువు అందరి ముందూ ఉంది, అందరూ వెయ్యలేదు కదా. కింది జవాబులన్నీ దాదాపు ఇదే సంగతి, తిప్పి తిప్పి.

ప్ర: వైకుంఠం గారి బొమ్మల్లో ఆడవాళ్లందరూ ఒక్క తల్లి పిల్లల్లా ఉంటారు. అదే పెద్ద బొట్టు, అదే నిండు చీర. ఒకటి చూస్తే అన్నీ చూసినట్టే. ఇందులో అంత గొప్ప ఏముందండీ?
బ్యాంకు ఉద్యోగి, కరీంనగర్

జ: ఆ ఆడవాళ్లు మీ జిల్లా వాళ్లే సార్. తోట వైకుంఠం 1942లో పుట్టిన బూరుగుపల్లి అప్పటి కరీంనగర్ జిల్లాలోదే. చిన్నప్పుడు ఊళ్లోకి నాటకాల వాళ్లు వచ్చేవారు, ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టేవారు. ఆ వేషాలు తన మీద బాగా పనిచేశాయని ఆయనే చెప్పుకున్నారు, వాటితో పాటు వాళ్లమ్మ. ఈ రెండూ తెలిశాక ఆ బొమ్మల్ని ఇంకోసారి చూడండి. మగవాడు ఆడవేషం కట్టినప్పుడు ఏం చేస్తాడు? వెనక వరసలో కూర్చున్నవాడికి కూడా ఆడమనిషే అని తెలియాలి కాబట్టి బొట్టు పెద్దది చేస్తాడు, కాటుక సాగదీస్తాడు, నగలు దిగేస్తాడు, చెయ్యి తిప్పడంలో కూడా కాస్త ఎక్కువ చేస్తాడు. వైకుంఠం బొమ్మల్లో ఆ ‘కాస్త ఎక్కువ’ ఉంటుంది. ఆ నిండుతనం చూసిన ఆడవాళ్లది, ఆ కొట్టొచ్చినట్టుండడం చూసిన నాటకానిది అని నాకనిపిస్తుంది.

రంగుల సంగతి చెప్పక్కర్లేదు, కుంకుమ ఎరుపు, పసుపు. మన ఇళ్ల గడపల మీద రోజూ కనిపించేవే కాబట్టి మనకి అవి రంగుల్లా అనిపించవు. వాటిని రంగులుగా చూడడానికి ఆయన బరోడా వెళ్లాల్సి వచ్చింది. అక్కడి ఆర్ట్ కాలేజీలో చిత్రకారుడు కె.జి.సుబ్రహ్మణ్యన్ దగ్గర చదువుకున్నారు, మీ ఊళ్లలో ఉన్న బొమ్మల్నీ బొమ్మలాటల్నీ సరిగ్గా చూడండి అనే రకం గురువు ఆయన. మన దగ్గర్నుంచి వెళ్లిన కుర్రాళ్లు యూరప్‌ని అనుకరిస్తూ ఉండిపోకుండా ఊరి వైపు తిరగడంలో ఆ బరోడా చదువు పాత్ర చాలా ఉంది. ఇంకో సంగతి, బి.నర్సింగరావు తీసిన ‘దాసి’ సినిమాకి కళాదర్శకత్వం వైకుంఠమే, జాతీయ అవార్డు కూడా వచ్చింది. అందులో దొర గడీ లోపలి గదులు, సామాను చూస్తే ఆయన కన్ను చీరల దగ్గరే ఆగలేదని తెలుస్తుంది.

మీరన్న ‘అన్నీ ఒకేలా’ అన్న మాటలో మాత్రం నిజం లేకపోలేదు. ఒక బొమ్మకి పేరొచ్చాక కొనేవాళ్లు అలాంటిదే ఇంకోటి అడుగుతారు, ఆ అడగడం కూడా బొమ్మని తయారుచేస్తుంది. ఆయన పాత చార్‌కోల్ డ్రాయింగులు దొరికితే చూడండి. రంగు లేకపోయినా ఆ మనుషుల బరువు తెలుస్తుంది. నాకు అవే ఎక్కువ ఇష్టం.

ప్ర: లక్ష్మా గౌడ్ గారి బొమ్మల పుస్తకం లైబ్రరీలో చూశాను. క్షమించాలి, అవి ఇంట్లో పెట్టుకునే బొమ్మలు కావు. పల్లెటూరి స్ఫూర్తి అంటే ఇదా?
రిటైర్డ్ హెడ్‌మాస్టర్, మిర్యాలగూడ

జ: మాస్టారూ, ఇంట్లో పెట్టుకోమని ఎవరూ అనలేదు లెండి. కానీ మీ ప్రశ్నకి జవాబు అవును, ఇదే. ఆయన 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టారు. మేకల మందలు, తోలుబొమ్మలు, మట్టిబొమ్మలు, జాతరలు, వాటి మధ్య పెరిగారు. పల్లెల్లో శరీరం గురించి మాట్లాడే తీరు ఎలా ఉంటుందో మీకు చెప్పాలా? నాట్లు వేసేటప్పుడు పాడే పాటల్లో సరసం ఎంత ఘాటుగా ఉంటుందో వినే ఉంటారు. అది బూతని అక్కడ ఎవరూ అనుకోరు, పట్నం వచ్చి చదువుకున్నాకే సిగ్గుపడడం నేర్చుకుంటాం. లక్ష్మా గౌడ్ కూడా హైదరాబాద్ నుంచి బరోడా వెళ్లారు, ఆయనా సుబ్రహ్మణ్యన్ శిష్యుడే. ఆ చదువు తర్వాత ఊళ్లో చూసిన ఆ మొహమాటం లేనితనం ఆయన్ని గట్టిగా పట్టుకుంది. దాన్ని రంగుల్లో కాకుండా ముందు ఎచింగ్‌లో పెట్టారు, అంటే మైనం లాంటి పూత పూసిన లోహపు పలక మీద సూదితో గీసి, యాసిడ్‌తో కొరికించి, ఇంకు నింపి అచ్చు తీసే పద్ధతి. అందులో గీత వెంట్రుక అంత సన్నగా వస్తుంది. మనుషులూ మేకలూ చెట్లూ ఒకదాన్నుంచి ఒకటి మొలుచుకొచ్చినట్టు ఉంటాయంటే సగం ఆ సూది మహిమే. 2016లో పద్మశ్రీ వచ్చింది. మీకు నచ్చాలని రూలేమీ లేదు, కానీ ‘పల్లె’ అంటే ముగ్గు, ఎడ్లబండి, నీళ్ల బిందె మాత్రమే అని చెప్పే బొమ్మలే అసలు అబద్ధం ఆడుతున్నాయి.

ప్ర: కొత్త ఫ్లాట్‌లో పెట్టడానికి చేర్యాల పెయింటింగ్ కొందామనుకుంటున్నాం. ఎగ్జిబిషన్‌లో చూస్తే అన్నిట్లోనూ బ్యాక్‌గ్రౌండ్ ఎరుపే ఉంది. వేరే రంగులో వేయించుకోవచ్చా? అసలుదో కాదో ఎలా తెలుస్తుంది?
సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, హైదరాబాద్

జ: వేయించుకోవచ్చు, అడిగితే వేస్తారు, ఇప్పుడు వేస్తూనే ఉన్నారు. కానీ ఒక్క నిమిషం ఆగండి, సోఫాకి మ్యాచింగ్ చేసే ముందు ఆ ఎరుపు కథ వినండి.

ఇవి గోడకి తగిలించడానికి పుట్టిన బొమ్మలు కావు. చేర్యాల నకాషీలు వేసేది పటం, ఖద్దరు గుడ్డ మీద మూరలకొద్దీ పొడుగ్గా, నిలువుగా చుట్ట చుట్టి పెట్టేది. దాన్ని కొనేది కథలు చెప్పేవాళ్లు. ఒక్కో కులానికి ఒక్కో కథ, ఆ కథ చెప్పడానికి ఒక ఆశ్రిత కులం, వాళ్ల చేతిలో ఒక పటం. పద్మశాలీలకి మార్కండేయుడి కథ, భావనారుషి కథ చెప్పే కూనపులివాళ్లు, గొల్లలకి కాటమరాజు కథ చెప్పే మందహెచ్చులవాళ్లు, ముదిరాజులకి కథ చెప్పే కాకిపడగలవాళ్లు, మాదిగలకి జాంబ పురాణం చెప్పే డక్కలివాళ్లు. రాత్రి పూట ఊరి మధ్యలో పటం వేలాడదీసి, ఒక్కో అర విప్పుతూ, కర్రతో చూపిస్తూ పాడతారు. ఆ వెలుతురులో, అంత దూరం నుంచి, మనిషి బొమ్మ విడిగా కనిపించాలంటే వెనక గట్టి రంగు పడాలి. ఎరుపు అక్కడ చక్కగా పనిచేస్తుంది. పూర్వం ఇంగిలీకంతో వచ్చేది ఆ ఎరుపు, పసుపుకి పేవుడి, నలుపుకి దీపం మసి. అంటే మీరు బ్యాక్‌గ్రౌండ్ అంటున్నది వాళ్ల స్టేజీ లైటింగ్ అన్నమాట.

తయారీ కూడా కాస్త చెప్పనివ్వండి, అందులోనే మీ రెండో ప్రశ్నకి జవాబుంది. గుడ్డకి గంజి, సుద్దమన్ను, చింతగింజల అంబలి, తుమ్మబంక కలిపి పూతలు పూస్తారు. ఒక పూత ఆరాక ఇంకోటి. ఆరిన గుడ్డ బిరుసుగా, మడిస్తే పగిలేట్టు అవుతుంది. దాని మీద కుంచెతో నేరుగా గీస్తారు. తర్వాత వెనక ఎరుపు, ఆ తర్వాత ఒంటి రంగులు, బట్టల రంగులు, నగలు, చివర్న నల్ల గీత. కాబట్టి కొనేటప్పుడు వెనక్కి తిప్పి చూడండి, నేత కనిపించాలి. ఎరుపు మీద కుంచె నడిచిన జాడ అక్కడక్కడా పల్చగా, అక్కడక్కడా చిక్కగా ఉండాలి. నల్ల గీత రంగు మీద ఎక్కి ఉండాలి, వంపు తిరిగే చోట లావవ్వాలి. అచ్చేసినదాంట్లో అంతా ఒకే మందం. ఇప్పుడు చాలామంది దుకాణంలో దొరికే రంగులే వాడుతున్నారు, దానికి మొహం చిట్లించకండి. కథలు చెప్పించుకునే ఊళ్లు తగ్గిపోయి పటం కొనేవాళ్లు లేకుండా పోయిన రోజుల్లో కూడా ఆ పని వదలకుండా, ఫ్రేము సైజుకి, మాస్కులకి, పెళ్లి కానుకలకి మార్చుకుని నిలబెట్టింది కొద్ది కుటుంబాలే. వీలైతే చేర్యాల వెళ్లి వాళ్ల ఇంట్లోనే కొనండి, సిద్దిపేట జిల్లాలోనే ఉంది.

సిద్దిపేట అంటే గుర్తొచ్చింది, ఈ నకాషీ బొమ్మల బలాన్ని ఆధునిక చిత్రంలోకి తెచ్చిన కాపు రాజయ్యది ఆ ఊరే. బోనాలు, గొల్లలు, ఎల్లమ్మ జోగులు, ఆయన వేసినవన్నీ తన వీధిలోంచి నడిచి వెళ్లినవాళ్లే. టీచరుగా పనిచేస్తూ అక్కడే ఉండి వేశారు, హైదరాబాద్‌కి మకాం మార్చలేదు.

ప్ర: సెలవుల్లో పిల్లల్ని దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్లాను. పది నిమిషాల్లో బోర్ అని బయటికొచ్చేశారు. ఏం చెప్పి చూపించాలో నాకూ తెలియలేదు.
గృహిణి, రాజమహేంద్రవరం

జ: బొమ్మలకంటే ముందు కథ చెప్పండమ్మా. మన ఊళ్లోనే 1897లో పుట్టిన ఒక కుర్రాడు, చదువు మీద కంటే బొమ్మల మీద ధ్యాస. ఊళ్లో గవర్నమెంట్ ఆర్ట్స్ కాలేజీకి ఓస్వాల్డ్ కూల్డ్రే అని ఇంగ్లిషు ప్రిన్సిపాల్, ఆయనా బొమ్మలు వేసేవాడు. కుర్రాణ్ని తిట్టకుండా కూర్చోబెట్టి నేర్పాడు, బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్‌కి వెళ్లడానికి సాయం చేశాడు. అడివి బాపిరాజు కూడా ఆ కూల్డ్రే శిష్యుడే. రామారావు బొంబాయిలో చదువు ముగించి, అక్కడే ఉండి పేరు తెచ్చుకోగలిగి కూడా రాజమండ్రి వచ్చి చిత్రకళాశాల పెట్టాడు. 1925లో మశూచి వచ్చి పోయాడు. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. ఆ బడిని ఆగిపోకుండా నడిపింది స్నేహితుడు వరదా వెంకటరత్నం. ఇది విన్న పిల్లలు లోపలికి వెళ్లాక ‘ఇది ఎన్నేళ్లప్పుడు వేశాడు’ అని వాళ్లే అడుగుతారు, చూడండి.

ఇక బొమ్మలు. అన్నీ చూపించొద్దు, రెండు చాలు. తూర్పు కనుమల మధ్య గోదావరి వేసింది ఒకటుంది, పాపికొండల లాంచీ ఎక్కిన పిల్లలైతే ఇలాంటి చోటు మనమెక్కడ చూశాం అని అడగండి. రెండోది ‘పుష్పాలంకరణ’, పూలు అలంకరించుకునే ఆడవాళ్ల బొమ్మ. దాని ముందు నిలబెట్టి చేతులు మాత్రమే చూడమనండి. వేళ్లు ఎలా వంగాయి, ఒక చేతి నుంచి ఇంకో చేతికి చూపు ఎలా జారుతుంది. ఆ కాలంలో ఇళ్లలో రవివర్మ అచ్చుబొమ్మలు రాజ్యమేలుతున్నాయి, వెలుగునీడలు దిద్ది మనిషిని నిజంగా ఎదురుగా నిలబెట్టినట్టు వేసే తీరు. ఇంకోవైపు బెంగాల్ వాళ్లు మంచు పట్టినట్టు మసక రంగుల్లో వేస్తున్నారు. రామారావుకి రెండూ తెలుసు, అజంతా కూడా చూసొచ్చాడు. ఆయన గీత మాత్రం తేటగా ఉంటుంది, రంగు పరిచినట్టు ఉంటుంది, కట్టూ బొట్టూ మన వైపువి. పిల్లలకి ఈ పేర్లేవీ చెప్పొద్దు, బయటికొచ్చాక ఐస్‌క్రీం కొనిపెట్టండి, మళ్లీ వస్తారు.

ప్ర: మీ శీర్షికలో ఎప్పుడూ మగ చిత్రకారులే. ఆడవాళ్లు బొమ్మలు వెయ్యలేదా?
డిగ్రీ లెక్చరర్, నెల్లూరు

జ: వేశారు. పైన చెప్పిన రామారావు చెల్లెలు బుచ్చికృష్ణమ్మ, భార్య సత్యవాణి, ఇద్దరూ చిత్రకారిణులే. 1920ల్లో గోదావరి ఒడ్డున ఒకే ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు కుంచె పట్టారంటే చిన్న విషయం కాదు. అయినా వాళ్లని ‘ఫలానావారి చెల్లెలు, ఫలానావారి భార్య’ అనే పరిచయం చేస్తాం, ఇప్పుడు నేను చేసినట్టే. చేర్యాలలో, శ్రీకాళహస్తిలో ఇంటికెళ్లి చూస్తే రంగులు నింపేదీ, గుడ్డ తయారుచేసేదీ చాలాచోట్ల ఆడవాళ్లే, కింద సంతకం మాత్రం ఇంటాయనది. మా పత్రికకి కూడా ఈ జబ్బు ఉంది, ఎడిటర్ గారు ఈ వాక్యం కొట్టెయ్యకపోతే సంతోషం.

ప్ర: మా బాబుకి పన్నెండేళ్లు, బొమ్మలు బాగా వేస్తాడు. కానీ అన్నీ ఫోన్‌లో చూసి దించేవే. సొంతంగా వెయ్యమంటే బుర్ర గోక్కుంటాడు. కాపీ కొట్టడం మాన్పించాలా?
మెడికల్ షాపు యజమాని, అనకాపల్లి

జ: మాన్పించకండి. మీకు పక్క ఊరే కశింకోట, అక్కడ ఉండి తెలుగునాట ఇంటింటికీ బొమ్మలు పంపించిన వడ్డాది పాపయ్య, అదే మన వపా, చిన్నప్పుడు మొదలుపెట్టింది రవివర్మ కోదండరాముణ్ణి చూసి దించడంతోనే. నాన్న డ్రాయింగ్ మాస్టారు, ఇంట్లో రంగులుండేవి, కాబట్టి కూర్చున్నాడు. దించడం తప్పయితే సగం మంది చిత్రకారులు పుట్టేవాళ్లే కాదు.

కాకపోతే ఆయన అక్కడ ఆగలేదు. శ్రీకాకుళం, విజయనగరం, కశింకోట, ఆ ఉత్తరాంధ్ర ఊళ్లే తిరిగి తిరిగి ఆయన బొమ్మల్లోకి వచ్చాయి. పండగలు, రుతువులు, రాగాలు, పనికి పోయే ఆడవాళ్లు. పైగా ఆయన బొమ్మలకి గ్యాలరీ లేదు, ‘యువ’, ‘చందమామ’ అట్టలే గ్యాలరీ. నెలనెలా అట్ట కావాలి, ఆ నెలకి తగ్గట్టు ఉండాలి, కొట్టులో వేలాడదీసిన పత్రికల మధ్య దూరం నుంచే లాగాలి, నాసి కాగితం మీద అచ్చయినా రంగు చావకూడదు. ఆ నీలాలూ నారింజలూ అంత ధైర్యంగా ఎందుకున్నాయో ఇప్పుడు అర్థమవుతుంది కదా. ఎందరో ఆ అట్టలు చింపి ఫ్రేము కట్టించుకున్నారు. 1992లో పోయారు, ఇప్పటికీ పాత యువ సంచికల్ని కథల కోసం కాక అట్టల కోసం వెతుక్కునేవాళ్లున్నారు.

మీ బాబు విషయంలో ఒకటి చెయ్యండి. ఫోన్‌లో చూసి వేసిన బొమ్మలో ఒక్క వస్తువు మీ ఇంట్లోది పెట్టమనండి. ఇల్లు ఫోన్‌లోదే, గుమ్మం ముందు చెప్పులు మీవి. చెట్టు ఫోన్‌లోదే, కింద ఆపిన బండి మీ షాపుది. చెప్పులు దించడానికి ఫోన్‌లో బొమ్మ ఉండదు, చచ్చినట్టు చెప్పుల్నే చూడాలి. ఇలా ఒకటి, రెండు పెంచుకుంటూ పోతే ‘సొంతంగా’ అన్న మాట ఎవరూ ఎత్తకుండానే వస్తుంది.

ప్ర: కలంకారీ అంటే శ్రీకాళహస్తిలో దేవుళ్ల బొమ్మలు, పెడనలో పూలు తీగలు. పేరు ఒకటే అయినప్పుడు ఇంత తేడా ఏంటి? ఏది అసలు కలంకారీ?
ఫ్యాషన్ డిజైన్ విద్యార్థిని, తిరుపతి

జ: రెండూ అసలువే. తేడా ఎక్కడ వచ్చిందంటే, ఎవరు కొన్నారన్న దగ్గర. శ్రీకాళహస్తిది గుడి ఊరు. అక్కడ గుడ్డ మీద రామాయణమో భారతమో గళ్లు గళ్లుగా వేసి, కింద తెలుగులో కథ రాసి, గుళ్లలో వేలాడదీసేవారు. పెడన పక్కనున్న బందరుది రేవు. అక్కడి గుడ్డ ఓడెక్కి పర్షియా పోయింది, యూరప్ పోయింది. గోల్కొండ నవాబుల రుచి, పర్షియా వర్తకుల రుచి, వాళ్లకి రావణుడి పది తలలతో పనేముంది? తీగలు, పూలు, జీవవృక్షం కావాలి, అవి కూడా వందల గజాలు ఒకేలా కావాలి. అందుకే అక్కడ చెక్క అచ్చు పట్టారు, కాళహస్తిలో కలం పట్టారు. బందరు పక్కన పెడనలో ఇప్పటికీ ఆ అచ్చుల చప్పుడు వినిపిస్తుంది.

నువ్వు తిరుపతిలోనే ఉన్నావు కాబట్టి ఒక శనివారం బస్సెక్కి కాళహస్తి వెళ్లి పని చూసి రా. వెదురు పుల్ల చెక్కి, మొనకి కాస్త పైన గుడ్డపీలికో ఉన్నో చుట్టి, దారంతో బిగిస్తారు. అదే కలం. చుట్టిన ఉండ రంగు పీల్చుకుంటుంది, వేలితో నొక్కితే గీత లావు, వదిలితే సన్నం. గుడ్డని ముందు కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరేస్తారు, పాలలో కొవ్వు ఉండబట్టి రంగు పక్కకి పాకదు. చింతపుల్ల కాల్చిన బొగ్గుతో బొమ్మ గీసుకుని, దాని మీద కసిమితో దిద్దుతారు. కసిమి అంటే తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి కొన్ని వారాలు పులియబెట్టింది. కలం నుంచి దిగేటప్పుడు అది పల్చటి గోధుమరంగు నీళ్లలా ఉంటుంది, గుడ్డలో ఉన్న కరక్కాయ తగలగానే నల్లబడుతుంది. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లు రాసి, తర్వాత గుడ్డని రంగులో ఉడకబెడితే పటిక ఉన్న మేరకే ఎరుపు పట్టుకుంటుంది. మధ్యలో పారే నీళ్లలో ఉతుకుతూనే ఉండాలి. స్వర్ణముఖి ఏడాదంతా పారే ఏరు కాదు, నీళ్లుంటేనే పని సాగుతుంది.

ఇప్పుడు చెప్పు, అక్కడి బొమ్మల్లో ఆ ఎరుపు, నలుపు, పసుపు ఎందుకు అంత తరచు కనిపిస్తాయి? ఆ సరుకు ఇచ్చేది అవే కాబట్టి. ఈ విద్య దాదాపు ఆగిపోయే దశలో 1950ల్లో చేతివృత్తుల కోసం పనిచేసిన కమలాదేవి చటోపాధ్యాయ పూనుకుని కాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టించారు. అక్కడి జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. పని చూశాక నీ డిజైన్ల మాట మాట్లాడుకుందాం. కంప్యూటర్‌లో వేసి పాలియెస్టర్ మీద అచ్చు కొట్టించి దానికి కలంకారీ అని మాత్రం పేరు పెట్టకు తల్లీ, ఆ పాపం ఇప్పటికే బజారు నిండా ఉంది.

ప్ర: ఇక్కడ డాలస్‌లో మా తెలుగు సంఘం వాళ్లు పిల్లలకి ఆర్ట్ పోటీ పెట్టి ‘తెలుగుతనం ఉట్టిపడాలి’ అన్నారు. మా అమ్మాయి గీతలూ రంగులూ తప్ప మనుషుల్ని వెయ్యదు. పంపించొద్దా?
ఒక తండ్రి, డాలస్

జ: పంపించండి. గుడివాడలో 1936లో పుట్టిన ఎస్.వి.రామారావు లండన్ స్లేడ్ ఆర్ట్ స్కూల్‌లో చదివి, అమెరికాలో స్థిరపడి, ఎక్కువగా ఏ మనిషీ ఏ గోపురమూ లేని రంగుల బొమ్మలే వేశారు, పద్మశ్రీ కూడా వచ్చింది. ఉట్టిపడాలి, జాలువారాలి అని రాసే జడ్జీలకి ఆ పేరు చెప్పండి. బహుమతి రాకపోవచ్చు, అది వేరే సంగతి.

ప్ర: నేను సైన్‌బోర్డులు, గోడ రాతలు రాసేవాణ్ణి. ఫ్లెక్సీలొచ్చాక పని పోయింది, ఇప్పుడు ఇళ్లకి రంగులేస్తున్నా. మా వాడు ‘నాన్న కూడా ఆర్టిస్టే’ అని స్కూల్లో చెప్పాడట. నన్ను ఆర్టిస్టు అనొచ్చా?
పెయింటర్, జగిత్యాల

జ: అనొచ్చు అన్నా, మీవాడు కరెక్ట్‌గానే చెప్పాడు. దారానికి సుద్ద రాసి గోడ మీద కొట్టి, ఆ ఒక్క గీత ఆధారంగా నిచ్చెన మీద నిలబడి, ‘శ్రీ’ని తప్పులేకుండా మీటరు ఎత్తున రాయడం ఎంతమందికి వచ్చు? బాపు చేతిరాత కంప్యూటర్ ఫాంటయింది, అందరం వాడుకుంటున్నాం. జగిత్యాల గోడల మీద మీరు రాసిన అక్షరం మాత్రం సున్నం పూత కింద పోతోంది. మొదటి జవాబులో మూడు చెప్పాను కదా, అందులో మూడోది, అడిగేవాళ్లు, అది మీ దగ్గర తెగిపోయింది. చెయ్యి పోలేదు.

అందుకని రెండు పనులు చెయ్యండి. మీరు రాసిన బోర్డుల్లో ఇంకా మిగిలినవి ఏ దుకాణం మీదున్నా ఎదురుగా నిలబడి, ఎండ ఏటవాలుగా పడని వేళలో ఫోటోలు తీసి పెట్టుకోండి. షాపు వాళ్లు కొత్త ఫ్లెక్సీ కట్టేముందు పాత రేకు పారేస్తారు, అడిగి తెచ్చుకోండి. రెండోది, ‘అ’ నుంచి ‘ఱ’ దాకా, గుణింతాలు, ఒత్తులతో సహా, మీ అలవాటు కుంచెతోనే తెల్ల కాగితం మీద నల్లగా రాయండి, ఒక్కో అక్షరం రెండు మూడు సార్లు. ఫాంట్లు చేసేవాళ్లకి ముందు కావాల్సింది అదే, ముఖ్యంగా ఒత్తులు, అక్కడే కంప్యూటర్ అక్షరాలు చాలావరకు తేలిపోతాయి. హైదరాబాద్‌లో కేఫ్‌లు, బట్టల షాపులు చేత్తో రాసిన బోర్డు కావాలని మళ్లీ అడుగుతున్నాయి, రేటు కూడా ఫ్లెక్సీ రేటు కాదు. కాగితాలు, ఫోటోలు మా ఆఫీసుకి పంపిస్తే మీ పేరుతో ఒక పేజీ వేస్తాం, కింద ఫోన్ నంబరు వెయ్యాలో వద్దో మీరే రాయండి.